చొప్పదండోళ్ల ఆదివారం

నవోదయలో చదివినవాళ్లు తమ బడిని జిల్లా పేరుతో పిలవరు. కాగితాల మీద అది జవహర్ నవోదయ విద్యాలయ, కరీంనగర్. మా నోళ్లలో మాత్రం చొప్పదండి. వరంగల్ నవోదయ పిల్లలు మామునూరోళ్లు, మెదక్ వాళ్లు వర్గలోళ్లు, నల్లగొండ వాళ్లది చలకుర్తి, ఖమ్మం వాళ్లది పాలేరు, ఆదిలాబాద్ వాళ్లది కాగజ్‌నగర్. నవోదయ మనుషులిద్దరు ఎక్కడ కలిసినా మొదట అడిగేది "ఏ నవోదయ?", తర్వాత "ఏ బ్యాచ్?", ఆ తర్వాత "ఏ హౌస్?". ఇంటిపేరు, కులం, అసలు ఊరు అడగాలని తోస్తే అవన్నీ నాలుగో ప్రశ్న కిందికే వస్తాయి. చాలాసార్లు అక్కడిదాకా పోనే పోదు.

మాది కోరుట్ల దిక్కు ఒక పల్లె. చొప్పదండిలో మాకు చుట్టమూ లేదు, పక్కమూ లేదు. కరీంనగర్ నుంచి ధర్మారం మీదుగా రాయపట్నం పోయే రోడ్డు మీద తగిలే మండల కేంద్రం అది, అంతే. అయినా తొంభైల నడుమ డిగ్రీ చదవడానికి హైదరాబాద్ వచ్చిన రోజు నుంచి నేను చొప్పదండి పిల్లనే. నాకు ఆ పేరు ఖాయం చేసింది, నెలకో ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగే మా మీటింగు.

అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే నవోదయ సంగతి కొంచెం చెప్పాలి. నవోదయలను ప్రతిపాదించిన జాతీయ విద్యా విధానం 1986లో వచ్చినప్పుడు కేంద్రంలో మానవ వనరుల మంత్రి అప్పటి మా జిల్లా మనిషే, వంగర పీవీ నరసింహారావు. అంతకు ముందు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ఇలాంటిదే ఒక గురుకుల పాఠశాల పెట్టించింది ఆయనే. మొదటి రెండు నవోదయలు 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలయ్యాయి. ఆ తర్వాత కొద్ది ఏండ్లలోనే మా వైపు జిల్లాకొకటి వచ్చింది. అయిదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి ఆరో తరగతిలో ఎక్కువలో ఎక్కువ 80 మందిని తీసుకుంటారు. అందులో నాలుగింట మూడొంతుల సీట్లు పల్లె పిల్లలవి, మూడింట ఒకటి ఆడపిల్లలది. తిండి, బట్ట, పుస్తకం, పక్క, ఆఖరికి ఒంటి సబ్బు, తలనూనె, పళ్లపేస్టు కూడా సర్కారుదే.

ఇదంతా పన్నెండో తరగతి ఆఖరి పరీక్షతో ఆగిపోతుంది. ఏడేళ్లు పొద్దున పీటీ గంట నుంచి రాత్రి లైట్లార్పే గంట దాకా ఒకరు నడిపిస్తే నడిచిన పిల్లలు, ట్రంకు పెట్టె తీసుకుని గేటు దాటిన మర్నాడు సబ్బుబిళ్ల ధర తెలియని మనుషులు. ఇంటి దగ్గరేమో చదువుకున్నోళ్లు లేరు. ఏ కాలేజీలో చేరాలో, ఫారం ఎక్కడ దొరుకుతుందో, పట్నంలో రాత్రి ఎక్కడ పండుకోవాలో చెప్పగలిగింది మాకంటే రెండేళ్ల ముందు అదే గేటు దాటి వచ్చినవాళ్లే. పూర్వ విద్యార్థుల సంఘాలంటే బాగుపడ్డవాళ్లు పాత రోజులు తలుచుకోవడానికి పెట్టుకునేవని ఇప్పుడు అనుకుంటారు. మాది బాగుపడనివాళ్ల సంఘం. దాని ప్రాణం అక్కడుంది.

పబ్లిక్ గార్డెన్సే ఎందుకంటే, అక్కడ కూర్చోడానికి పైసా అక్కర్లేదు. నాంపల్లి స్టేషన్ పక్కనే. విద్యానగర్ నుంచి, తార్నాక నుంచి, మెహిదీపట్నం నుంచి ఎక్కడి నుంచైనా బస్సు ఉంటుంది. ఇంకో కారణం ఎవరూ పైకి చెప్పలేదు గాని నాకు తెలుసు. చొప్పదండిలో అమ్మానాన్నలు చూడడానికి వచ్చేది ఆదివారాలే. ఏ చెట్టు కింద ఏ ఊరివాళ్లు కూర్చుంటారో మాకు కంఠస్థం. ముద్దపప్పు, పచ్చిపులుసు కలిపిన అన్నం టిఫిన్ డబ్బాలో తెచ్చి, పక్క పిల్ల అమ్మ రాలేదని తెలిస్తే దానికీ ఒక ముద్ద పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాళ్లు. ఆ అలవాటు మేం పట్నం తెచ్చుకున్నాం. తేడా ఏమంటే, ఇక్కడ ఒకరికొకరమే అమ్మానాన్నలం.

కబురు పదిహేను పైసల కార్డు మీద వచ్చేది. "ఆదివారం పది గంటలు, అదే చెట్టు, రిజిస్టర్ తెస్తున్న" అని ఒకే వాక్యం. రాసేది ఒక అన్న. పెద్దపల్లి దిక్కు మనిషి, ఉస్మానియాలో ఎమ్మెస్సీ. ఆయన అసలు పేరు చాలామందికి గుర్తు లేదు, రిజిస్టరన్న అంటేనే తెలుసు. ఆయన దగ్గర గట్టి అట్ట వేసిన ఒక పెద్ద పుస్తకం ఉండేది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. పేరు, బ్యాచ్, హౌస్, మండలం, ప్రస్తుతం ఉండే చోటు, కబురు చెప్పదగ్గ ఫోన్ నంబరు. ఆ నంబరు ఎవరి సొంతమూ కాదు. ఇంటి ఓనరుదో, సందు చివర కిరాణా కొట్టుదో, ఎస్టీడీ బూతుదో. ఆ తర్వాతి గడి రక్తం గ్రూపు. ఇక ఆఖరి రెండు గళ్ల కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నానేమో. ఒకటి "ఏం కావాలె", రెండోది "ఎవలు చూస్తరు".

ఆ గళ్లలో ఏముండేవో కొన్ని నాకిప్పటికీ కళ్ల ముందున్నాయి. "రూం. విద్యానగర్ చుట్టుముట్టు. ఇద్దరం ఉంటం." "బి నెగెటివ్, మా బాపుకు ఆపరేషన్, వచ్చే శుక్రవారం." "ఇంటర్వ్యూకు బూట్లు, ఎనిమిదో నంబర్, ఒక్క దినానికి." "చెల్లె పెండ్లికి ఊరికి పోతున్న, నా ట్యూషన్ పిల్లలను పది దినాలు ఎవరన్న చూసుకోవాలె." "ఇంగ్లీష్‌ల మాట్లాడుడు." ఈ చివరిది రాసింది నేనే. నవోదయలో సైన్సు, లెక్కలు ఇంగ్లీషులోనే చదివాం. పరీక్ష రాయమంటే రాస్తాం, నలుగురిలో లేచి నోరు విప్పమంటేనే గొంతు పెగలదు. నా గడి ఎదుట నీలగిరి హౌస్ అక్క ఒకామె సంతకం పెట్టింది. ఆ తర్వాత ప్రతి మీటింగులో నన్ను చెట్టు అవతలికి తీసుకుపోయి అరగంట తెలుగు ముక్క రానివ్వకుండా మాట్లాడించేది. తప్పు మాట్లాడితే దిద్దేది కాదు, ఆగితేనే తిట్టేది.

సిగ్గుపడే పని లేదు. అదే ఆ పద్ధతిలో గొప్ప. అడగడం అందరికీ తప్పనిసరి. ఏమీ అక్కర్లేదని గడి ఖాళీగా వదిలితే రిజిస్టరన్న ఒప్పుకునేవాడు కాదు. "ఏం అక్కర లేనోనివి ఇంత దూరం ఎందుకొచ్చినవ్ రా?" అని నలుగురిలో అడిగేవాడు. అప్పటికే ఉద్యోగం దొరికిన ఒకరిద్దరు ఏం రాయాలో తోచక "సర్వపిండి" అని రాసేవాళ్లు. మళ్లీ నెల ఎవరో ఒకరు ఊరి నుంచి తెచ్చి ఆ గడి కొట్టేసేవాళ్లు.

వచ్చేది ఎక్కువగా మగపిల్లలే. ఉస్మానియా హాస్టళ్లలో సీటు వచ్చినవాళ్లు కొందరు, ఆ సీట్ల పక్కన నేల మీద పండుకునే నాన్ బోర్డర్లు ఇంకొందరు. చిక్కడపల్లి గదుల్లో గ్రూపు పరీక్షలకు చదివేవాళ్లు, ఈసీఐఎల్ దిక్కు అప్రెంటిస్‌లు, పగలు మెడికల్ షాపులో పనిచేసి సాయంత్రం కాలేజీకి పోయే ఒక తమ్ముడు. ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత. నేనుండే లేడీస్ హాస్టల్‌లో బయటికి పోవాలంటే లోకల్ గార్డియన్ సంతకం కావాలి. హైదరాబాద్‌లో నాకు గార్డియన్ ఎవరు? ఆరావళి హౌస్ అన్నయ్య ఒకాయన ఫారం మీద "అన్న" అని రాసి సంతకం పెట్టాడు. వార్డెన్ ఇంటిపేర్లు కలవలేదని పట్టుకుంది. "పెద్దనాయిన కొడుకు మేడం" అన్నాను. ఆమె మళ్లీ అడిగింది, పెద్దనాన్న కొడుకైతే ఇంటిపేరు కలవాలి కదా అని. "పెద్దమ్మ కొడుకు" అని సర్దుకున్నాను. అది అబద్ధమని నాకు ఇప్పటికీ అనిపించదు.

ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లా అంటే పట్నంలో ఒక భయం ఉండేది. పేపర్లో రోజూ నక్సలైట్ల ఎన్‌కౌంటర్ వార్తలు, బంద్ పిలుపులు. గది అడగడానికి పోతే ఓనరు "ఏ జిల్లా?" అనేవాడు. చెప్పగానే గది నిన్ననే ఇచ్చేశామనేవాడు. అందుకే రిజిస్టరన్న గదుల పనికి ఎప్పుడూ వర్గల్ నవోదయ పిల్లలను ముందు పెట్టి పంపేవాడు, "మాది మెదక్" అని చెప్పమని. ఒకసారి మేమంతా గుండ్రంగా కూర్చుని ఉండగా ఒక పోలీసాయన వచ్చాడు. ఇంతమంది పడుచు పిల్లలు, నడుమ ఒక పెద్ద పుస్తకం, చందా డబ్బులు. "ఏ సంఘం మీది?" అన్నాడు. స్కూలు పిల్లలం సార్ అని చెప్పి, నమ్మించడానికి ఒక తమ్ముడు రిజిస్టర్ తెరిచి చూపాడు. ఆయన వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. తలెత్తి అడిగాడు, "ఇవేం దళాలు రా?" నవ్వొచ్చినా ఎవరం నవ్వలేదు. మా హౌసుల పేర్లు కొండల పేర్లని, దేశంలోని నవోదయలన్నిటిలో ఇవే నాలుగని, ఆటల పోటీల్లో ఒకరికి నీలం, ఒకరికి పచ్చ, ఒకరికి ఎరుపు, ఒకరికి పసుపు రంగులుంటాయని రిజిస్టరన్న ఓపికగా చెప్పాడు. ఎరుపు ఎవరిదని ఆయన మళ్లీ అడిగాడు. శివాలిక్ వాళ్లం నేల చూపులు చూశాం. చివరికి మా దగ్గరున్న సకినాలు రెండు తిని, చీకటి పడకముందే వెళ్లమని చెప్పి పోయాడు.

తిండి దగ్గర మా పద్ధతి చూసి గార్డెన్స్‌కు వచ్చిన కుటుంబాలవాళ్లు ఆగి చూసేవాళ్లు. అన్నీ కాగితాల మీద పరిచి అందరి ముందుకూ వచ్చేదాకా ఒక్కరూ ముట్టరు. మెస్సులో భోజన మంత్రం అయ్యేదాకా ఆగిన చేతులు అవి. ఊరి నుంచి వచ్చిన సర్వపిండి, మక్క గారెలు, సద్దుల బతుకమ్మ దాటాక మిగిలిన మలీద ముద్దలు, వాటి మధ్య హాస్టల్ నుంచి దాచి తెచ్చిన చపాతీలు. చపాతీ అంటే మాకు ప్రాణం. మా ఊళ్లలో జ్వరం వస్తేనే రొట్టె తినేవాళ్లు. నవోదయలో మాకు అది అలవాటు చేసింది ఉత్తరాది పిల్లలు. తొమ్మిదో తరగతిలో మావాళ్లు కొందరు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పోతారు, అక్కడివాళ్లు మా దగ్గరికి వస్తారు. అలా వచ్చిపోయిన ఒకతను రైల్వే పరీక్ష రాయడానికి సికింద్రాబాద్ వచ్చి, ఎవరో చెప్తే మీటింగుకు వచ్చాడు. వచ్చీ రాగానే నన్ను చూసి "ఏందే, మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అన్నాడు. మా చొప్పదండి బయట ఆ యాసలో మాట్లాడే హిందీ పిల్లవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. అతనికి రెండు రాత్రులు పక్క కావాలని "ఏం కావాలె" గడిలో తెలుగులోనే రాశాడు.

అందరూ డిగ్రీలు చదవలేదు. పదో తరగతితో ఆపి, ఐటీఐ చేసి, ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి దుబాయ్ పోయినవాళ్లు మాలోనూ ఉన్నారు. మా జిల్లాలో అది కొత్త సంగతి కాదు. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఇంటికి ఉత్తరానికి బదులు క్యాసెట్లు వచ్చేవి, మాటలు రికార్డు చేసి ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు. అలాంటి క్యాసెట్ ఒకటి మా మీటింగుకు వచ్చింది. ఒక తమ్ముడు టేప్‌రికార్డర్ మోసుకొచ్చాడు. గడ్డి మీద చుట్టూ చేరి విన్నాం. క్యాసెట్ పంపినతను, షార్జాలో శుక్రవారం సెలవనీ, చొప్పదండోళ్లు, మామునూరోళ్లు కలిసి ఒక గదిలో కూరగాయలు కోసుకుంటూ మాట్లాడుతున్నామనీ చెప్పాడు. నడుమ నడుమ కుక్కర్ విజిల్. చివర్న "మా తమ్మునికి ఎంసెట్ పుస్తకాలు ఎవలన్న ఇయ్యున్రి" అని అడిగాడు. రిజిస్టరన్న క్యాసెట్ ఆపి, గడి నింపి, మళ్లీ మీట నొక్కాడు.

జనవరి మీటింగు మాత్రం గార్డెన్స్‌లో కాదు, నుమాయిష్‌లో. ఊరికే తిరగడమే, కొనేది ఏమీ లేదు. నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ నుమాయిష్ కూడా ఒక పూర్వ విద్యార్థుల సంఘం పనే. ఉస్మానియా గ్రాడ్యుయేట్ల సంఘంవాళ్లు హైదరాబాద్ రాజ్యం ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయాలనుకున్నారు. దానికి డబ్బు పోగు చేయడానికి 1938లో ప్రదర్శన పెట్టారు. అదీ ఎక్కడ? మేం చెట్టు కింద కూర్చున్న ఆ పబ్లిక్ గార్డెన్స్‌లోనే. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. ఆ ప్రదర్శన నడిపే సొసైటీ సంపాదనతో తర్వాత ఎన్నో కాలేజీలు నడిచాయి. వాటిలో ఒకటైన వనితా మహావిద్యాలయలో చదివిన మా జూనియర్లకు ఆ సంగతి తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు. తెలిసి ఉంటే రిజిస్టరన్న దాని గురించి కనీసం ఒక గంట ఉపన్యాసం ఇచ్చేవాడు. తెలియకపోవడం ఒకందుకు మంచిదే అయింది.

ఇదంతా ఎప్పుడు ఆగిపోయిందంటే తేదీ చెప్పలేను. తొంభైల చివర అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు దుమారం లేపాయి. 2000 సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం మా పిల్లలకు మేలు చేసింది. అప్పుడు "ఏం కావాలె" గడిలో "అమీర్‌పేటలో రూం", ఆ తర్వాత "పాస్‌పోర్టుకు పోలీస్ వెరిఫికేషన్", ఆ తర్వాత "వీసా ఇంటర్వ్యూకు కోటు" కనిపించాయి. కోట్లు పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ ఆ చెట్టు కిందికి రాలేదు. సెల్‌ఫోన్లు వచ్చాక రక్తం కావాలంటే ఆదివారం దాకా ఎందుకు ఆగాలి? నిజమే, ఆగకూడదు కూడా. రిజిస్టరన్నకు లెక్చరర్ ఉద్యోగం వచ్చి వేరే జిల్లాకు పోయాడు. పుస్తకం ఇంకొకరి చేతికి పోయింది, ఆ చేతి నుంచి మరో చేతికి. ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఇప్పటి మీటింగులను నేను తక్కువ చేసి మాట్లాడను. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో, గల్ఫ్‌లో ఎక్కడి గుంపు అక్కడుంది. యూఏఈలో 2022 జనవరి నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారింది కాబట్టి అక్కడి మావాళ్లు కూడా చివరికి ఆదివారం గూటికే చేరారు. బెంగళూరువాళ్ల తంటా వేరు. ఆఫీసులో తమిళ మిత్రులకు నవోదయ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాలి, తమిళనాడులో ఒక్క నవోదయ కూడా లేదు మరి, హిందీ పేచీ వల్ల. ఇక్కడ శంషాబాద్ దాటాక రిసార్టు, ఒకే రంగు టీషర్టులు, పైన తిరిగే డ్రోన్ కెమెరా. ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఒక్క రాత్రిలో లక్షలు జమవుతాయి. రిజిస్టరన్న కాలంలో అది కలలో మాట. కానీ ముందుగా మన ఫోన్‌కు వచ్చే ఫారంలో గళ్లు చూస్తాను. పేరు, బ్యాచ్, హౌస్, వెజ్జా నాన్‌వెజ్జా, టీషర్టు సైజు. సాయం చేస్తారా అని అడిగే గడి ఒకటుంటుంది. ఏం కావాలని అడిగే గడి లేదు. అడగాలంటే జబ్బు చేయాలి, లేదా చచ్చిపోవాలి. ఇంగ్లీషులో మాట్లాడడం రాదని రాసుకునే చోటు ఏదీ?

ఇంకొకటి ఉంది, ఇది పాత కాలపు తప్పు, ఆ పుస్తకానిదే. మా బ్యాచులో ఆడపిల్లల్లో సగం మంది జాడ నాకు తెలియదు. డిగ్రీకి పట్నం రానివాళ్లను రిజిస్టర్ ఎక్కించలేదు. పదహారు, పదిహేడేళ్లకు పెండ్లిళ్లయి ఊరు మారింది, ఇంటిపేరు మారింది. మగపిల్లలు ఏ ఊళ్లో ఉన్నా వాళ్ల అమ్మానాన్నల గడప అడిగితే తెలిసేది. ఆడపిల్ల కోసం పుట్టింటికి పోయి అడిగితే "ఎవలు నువ్వు? దానితోటి ఏం పని?" అని ఎదురు ప్రశ్న. పరీక్షలో జిల్లా మొత్తం మీద మంచి మార్కులు తెచ్చుకుని సీటు కొట్టిన పిల్లలు వాళ్లు. నీలగిరి అక్కా నేనూ ఈ మధ్య ఒక పట్టిక మొదలుపెట్టాం. ధర్మపురి జాతరలో ఒకామె దొరికింది, కరీంనగర్ కలెక్టరేట్ ముందు అంగన్‌వాడీ ధర్నాలో ఇంకొకామె. మిగతావాళ్ల కోసం పాత అడ్మిషన్ ఊళ్ల పేర్లు పట్టుకుని వెతుకుతున్నాం. ఊరి పేరు తెలిసినా మండలం మారిపోయి ఉంటుంది.

జిల్లాలూ మారాయి కదా. 2016 అక్టోబర్‌లో కరీంనగర్ ముక్కలైంది. పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి, మరికొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి. పీవీ గారి వంగర కూడా ఇప్పుడు కరీంనగర్ జిల్లాలో లేదు. 2024 డిసెంబర్‌లో తెలంగాణకు మంజూరైన ఏడు కొత్త నవోదయల్లో జగిత్యాల ఒకటి. అంటే ఇక మీదట మా కోరుట్ల పిల్లలు చొప్పదండికి రారు. మొన్నటి మీటింగులో కుర్ర బ్యాచ్ తమ్ముడొకడు లేచి, జగిత్యాల వాళ్లకు వేరే గ్రూపు పెడదామా అన్నాడు. పాతవాళ్లు గయ్యిమన్నారు. "మరి రేపు ఆ కొత్త బడి పిల్లలు పట్నం వస్తే వాళ్లను ఎవలు చూస్తరు? వాళ్లకు సీనియర్లు ఉండరు కదా?" అని అతను నిలబడే అడిగాడు. అతను అడిగింది సరైన మాట. ఆ గదిలో రిజిస్టర్ భాష మాట్లాడింది అతనొక్కడే, అతను ఆ పుస్తకాన్ని చూసి కూడా ఉండడు. ఓటు పెడదామన్నారు. అంతలో బిర్యానీ వచ్చింది, ఓటు డిసెంబర్‌కు వాయిదా పడింది. ఆలోపు నేను కాగజ్‌నగర్ వాళ్లతో మాట్లాడాలి. వాళ్ల జిల్లా నాలుగు ముక్కలైంది, వాళ్లేం చేస్తున్నారో కనుక్కోవాలి.